మాట్లాడని అరగంట

కంట్రోలక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తీ ఎత్తగానే అవతల "హలో" అని వినపడింది. అప్పుడే తెలిసిపోయింది, ఆమె కాదని.

ఆమె ఎన్నడూ అలా ముందుపడి హలో అనేది కాదు. తను చేసినా, మనం చేసినా మొదటి నాలుగైదు సెకండ్లు ఏ చప్పుడూ ఉండేది కాదు. లైన్ కట్టయిందనుకుని కొత్తవాళ్లు పెట్టేసేవాళ్లు. ఆమె వింటోందని పాతవాళ్లకు తెలుసు. అవతల ఎవరు, వెనకాల ఏం మోగుతోంది, మనిషి నడుస్తున్నాడా కూర్చున్నాడా, అన్నీ విన్నాక తాపీగా "ఆఁ, చెప్పు" అనేది. ఒకసారి నేను బస్సులో ఉన్నానని చెప్పకముందే "తల్లాడ దాటినవా?" అని అడిగింది. స్టేజీ పేరు చెప్పి కండక్టర్ అరిచిన అరుపు వినపడిందట.

ఈసారి ఫోన్ చేసింది వాళ్ల అమ్మాయి. ఖమ్మంలో దవాఖానాలో నర్సు. "అమ్మ పోయింది అన్నా. మొన్న ఆదివారం. సమాధి కార్యక్రమం గూడ అయిపోయింది. ఫోన్‌ల ఉన్న నంబర్లకి ఒక్కొక్కరికే చెప్తున్న," అంది. కాస్త ఆగి, "మీ పేరు గాలి సార్ అని ఉంది. అసలు పేరేంది?" అని అడిగింది. చెప్పాను. రాసుకున్నట్టుంది.

గాలి సార్ అన్నది నా ఉద్యోగానికి ఆమె పెట్టిన పేరు. కాదనడానికి లేదు. గాలిని పంచే పని మీదే నేను వాళ్ల గనికి వెళ్లాను.

మాది వేంసూరు దగ్గర పల్లె. కాలువ కింద వ్యవసాయం. నీళ్లు అందరికీ ఒకేసారి చాలవు కాబట్టి వంతులుంటాయి. ఒకడి మడి తడిశాక రెండోవాడు మడవ తన మడికి తిప్పుకుంటాడు. వైర్‌లెస్ తరంగాల సంగతీ ఇంతే. గాలి కనపడేంత విశాలం కాదు. అందులో మనుషులు మాట్లాడుకోవడానికి పనికొచ్చే దారులు కొన్నే. ఒక్కొక్క దారిని చానెల్ అంటారు. ఒక చానెల్‌ని ఒకరికి రాసిచ్చేశాక వాళ్లు మాట్లాడినా మాట్లాడకపోయినా ఇంకొకరు అందులో దూరకూడదు. పాత పద్ధతి అది. ఇప్పుడు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, దారులు అన్నే ఉన్నాయి. అందుకని, ఏ చానెల్ ఏ గంటలో ఊరికే పడి ఉంటుందో ముందుగానే పసిగట్టి, ఆ ఖాళీని వేరేవాళ్లకు వంతుగా ఇచ్చే పద్ధతి వచ్చింది. పసిగట్టేది కంప్యూటర్. మూడు నెలలు అన్నీ వింటుంది. ఆ తర్వాత రేపు ఫలానా వేళకు ఫలానా చానెల్ ఖాళీ అని చెబుతుంది. దాన్ని మేం మోడల్ అంటాం. హైదరాబాదులో మా కంపెనీ చేసే పని అదే, నేను చేసే పనీ అదే.

భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న, నేలను పైనుంచే తవ్వే ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి నన్ను పంపారు. గనికి పాత చానెల్ ఒకటి ఉంది. పైమట్టి తోలే కాంట్రాక్టరు టిప్పర్లకు కొత్తగా చానెల్ కావాల్సి వచ్చింది. కొత్తది దొరికే దారి లేదు. ఉన్నదాంట్లోనే ఖాళీ వెతికి సర్దాలి. గని ఆఫీసు మేడమీద ఒక డబ్బా పెట్టి, దాని వైరు నా లాప్‌టాప్‌కి తగిలించి, మూడు నెలలు విన్నాను. అంటే నేను కాదు, డబ్బా విన్నది. నేను అప్పుడప్పుడూ వచ్చి, డబ్బా బతికే ఉందా అని చూసి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేవాణ్ణి.

కంట్రోల్ రూం కింద ఉండేది. గనిలో ఉన్న ప్రతి వాకీటాకీ ఆ గదితో మాట్లాడుతుంది. అక్కడ పగటి షిఫ్టు ఆపరేటర్ ఆమె. అందరూ కంట్రోలక్క అనేవాళ్లు. యాభై దాటిన మనిషి. నూనె రాసి బిగించిన జడ, మెడలో నల్లదారానికి చిన్న శిలువ, ఎండాకాలంలో కూడా మోచేతుల దాకా జాకెట్టు. మైకు బొత్తాన్ని ఎడమచేతి బొటనవేలితో నొక్కేది, కుడిచేతిలో పెన్ను ఉండాలి గనుక. నొక్కేముందు తల కొంచెం పక్కకు వంచేది. ఒక్క క్షణం. ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే నొక్కేది. రోజుకి వందసార్లు నొక్కితే వందసార్లూ తల వంగేది. మొదట్లో మెడనొప్పేమో అనుకున్నాను.

ఎవడైనా చానెల్‌లో సాగదీస్తే ఊరుకునేది కాదు. "జల్దీ చెప్పి దిగు. గాలి నీ అయ్య జాగీరా?" అనేది. పెద్ద సార్లకు కూడా అదే మాట, కాకపోతే చివర సార్ తగిలించేది. పోక్లెయిన్ డ్రైవర్లు ఆ మాట కోసమే ఆమెను కావాలని ఉడికించేవాళ్లు. కాలనీ చర్చిలో ప్రార్థన అంటే అందరూ ఒకేసారి గొంతెత్తి చేస్తారు కదా, ఈమె మాత్రం పెదవి కదిపేది కాదట. ఎందుకక్కా అంటే, "అందరు ఒక్కసారే చెప్తే ఎట్ల? ఒక్కలన్న ఇనాలె గద," అంది. నవ్వలేదు. ఆమెకు అది జోకు కాదు.

నన్ను మొదట్లో సారూ అనేది. నేను అండీ అంటే మొహం అదోలా పెట్టేది. "అండీ గిండీ బంద్ వెట్టు. మీ సత్తుపల్లి దిక్కు మాట ఇంటే నన్నెవలో పెండ్లిచూపులకి కూసుండవెట్టినట్టు ఉంటది," అంది. ఆ రోజు నుంచి నేను అక్కా అన్నాను. సారూ పోయి తమ్మీ అవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. దాన్ని పోగొట్టుకోవడానికి అంతకాలం పట్టలేదు.

ఒకరోజు నా తెలివితక్కువతనం బయటపెట్టుకున్నాను. భర్త పోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చిందని ఎవరో చెప్పారు. గని, విధవ ఉద్యోగం, ఇంకేముంది, కథ నేనే అల్లుకున్నాను. గొంతు మెత్తగా పెట్టి, "బావగారు గనిలోనే ప్రమాదంలో..." అన్నాను.

"కాదు. కామెర్లొచ్చి పోయిండు," అంది. "నాటుమందు తాగిచ్చిండ్రు ఇంట్ల. దవాఖానకి తీస్కపోయేసరికే అయిపోయింది. గనిల పనిచేసెటోళ్లకి గనిలనే సావు రావాల్నా ఏంది? నీ కంప్యూటర్ గూడ గిట్లనే లెక్కగడ్తదా?"

ఆ చివరి ప్రశ్నకు అప్పుడు నవ్వేశాను.

మూడు నెలలయ్యాక ఆమెకు చూపించాలనిపించి, లాప్‌టాప్ కిందికి తీసుకెళ్లాను. తెర మీద రోజంతా ఒక పట్టీ. మాటలున్నచోట నలుపు, లేనిచోట తెలుపు. "మూడు నెల్లు నా చానెల్ మీద చెవి వెట్టినవ్ గద, ఏం ఇన్నవ్?" అంటూ ముందుకు వంగింది. మధ్యాహ్నం రెండింటి దగ్గర తెల్లటి ముక్క ఒకటి ఉంది. ఆదివారాలు తప్ప ప్రతిరోజూ, అదే వేళ, దాదాపు అరగంట. మోడల్‌కి దాని మీద ఉన్నంత నమ్మకం ఇంక దేని మీదా లేదు. ఆమె వేలు సరిగ్గా అక్కడ పెట్టింది.

"ఇదేంది?"

"ఖాళీ అక్కా. టిప్పర్లకి ఇచ్చేది ఇదే."

తన రిజిస్టర్ తెరిచి నా ముందుకు తోసింది. రోజూ వచ్చిన ప్రతి పిలుపూ, నిమిషంతో సహా అందులో ఉంది. రెండూ నాలుగు నుంచి రెండూ ఇరవై తొమ్మిది దాకా ఒకే వరస: 'అందరు ఇంటున్నరు.' ముందురోజు కూడా అదే. పేజీలు తిప్పాను. నెలల తరబడి, రెండు దాటాక, అదే చేతిరాత, అవే రెండు మాటలు.

అది బ్లాస్టింగ్ వేళ. రాతిలో మందు కూరాక, చుట్టూ దారులన్నిటి దగ్గరా ఎర్రజెండాలతో కాపలా మనుషులు నిలబడతారు. ఒక్కొక్కరే వాకీటాకీ సెట్‌లో "నా దిక్కు ఎవ్వరు లేరు" అని చెబుతారు. ఆమె అందరి మాటా తిరిగి చెబుతుంది. సైరన్ మోగుతుంది. అక్కడి నుంచి మందు పేలి, దాన్ని పేల్చే మనిషి షాట్‌ఫైరర్ వెళ్లి చూసి అంతా క్షేమం అనేదాకా చానెల్‌లో ఎవరూ నోరు విప్పకూడదు. ఒకవేళ విప్పితే, ఏ మాటయినా సరే, ఎవరి గొంతయినా సరే, దానికి ఒకటే అర్థం: ఆపు. షాట్‌ఫైరర్ చెయ్యి తీసేయాలి. మళ్లీ మొదటి నుంచి రావాలి. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదది. అక్కడివాళ్లు తమకోసం పెట్టుకున్న అలవాటు.

నేను మా ఆఫీసులో అడిగాను. ఒక సీనియర్ నవ్వాడు. పాతకాలం కరెంటు డిటొనేటర్లకు వైర్‌లెస్ తగిలితే వాటంతటవే పేలతాయని భయం ఉండేదని, అందుకే మాట్లాడకూడదనేవాళ్లని, ఇప్పటి డిటొనేటర్లకు ఆ భయం లేదని, కాబట్టి అది చచ్చిన అలవాటని తేల్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కారణం పోయాక అలవాటు ఎందుకు అని అదే మాట గని మీటింగులో చెప్పాను.

మీటింగులో మేనేజరు, టిప్పర్ల ఇన్‌చార్జి, నేను కూర్చున్నాం. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"గా భయం పోయింది సార్, నాకు గూడ తెలుసు," అంది మేనేజరుతో. "మొదలువెట్టినోళ్లు అందుకే వెట్టిండ్రు. మేం ఇంకోదానికి వాడుకుంటున్నం. కాపలా మనిషికి ఏమన్న కనవడితే, ఆపుమని చెప్పనీకి ఆనికి తొవ్వ ఖాళీగ ఉండాలె."

"దానికి ఏర్పాటు చేశామక్కా," అన్నాను. "గనివాళ్లు బొత్తాం నొక్కగానే టిప్పర్లు ఆగిపోవాలని రూలు పెట్టాం."

"టిప్పరోడు బొత్తాం నొక్కి మాట్లాడుతుంటే ఆనికి ఎట్ల ఇనవడ్తది?"

ఆ సెట్లలో మాట్లాడేటప్పుడు వినపడదు. అది నాకు తెలియని సంగతి కాదు. మాటలు పొట్టివేనని, అలా రెండూ ఒకేసారి పడే అవకాశం చాలా తక్కువని, మోడల్ లెక్కగట్టిందని చెప్పాను.

"మీ కంప్యూటర్‌ల మాట్లాడెటోళ్ల పేరు రాస్తరు. ఇనెటోళ్ల పేరు రాయనీకి గడి ఉందా?" అని అడిగింది.

లేదు. ఇప్పుడుంది. మా కొత్త ఇంజినీర్లు ప్రతి గనిలో, ప్రతి రేవులో ఆ గడి నింపుతారు, ఎవరు పెట్టించారో వాళ్లకు తెలియదు. ఆ రోజు మాత్రం మేనేజరు నా వైపు చూశాడు, నేను లాప్‌టాప్ వైపు చూశాను, సోమవారం నుంచి వారం రోజుల ట్రయల్ అని రాసుకున్నారు.

సోమవారం సైరన్ మోగిన రెండు నిమిషాలకు చానెల్‌లో ఎవడో "అన్నా, డీజిల్ బండి వచ్చిందా?" అన్నాడు. ఆమె బ్లాస్టు ఆపింది. మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పించి పేల్చేసరికి నలభై నిమిషాలు పోయాయి. మంగళవారం ఇంకొకడు పంక్చరు సంగతి చెప్పాడు. ఆపింది. బుధవారం షాట్‌ఫైరర్‌కి ఓపిక నశించింది. గద్దించినట్టుగానే సెట్‌లో అడిగాడు: "అక్కా, గది టిప్పరోళ్ల ముచ్చట, నీకు తెలుసు నాకు తెలుసు. కాల్చమంటవా లేదా?"

"వద్దు," అంది. "ఆపు అంటే ఆపు."

ఆ సాయంత్రం నేను గదిలోకి వెళ్లి, టిప్పర్ల గొంతులు ఆమెకు తెలుసు కదా, వాటిని వదిలేయొచ్చు కదా అన్నాను. పెన్ను మూత పెట్టి నా వైపు తిరిగింది.

"నా భయం మాట రాదని కాదు తమ్మీ. వచ్చిన మాటని లెక్కచెయ్యరని. ఇయ్యాల టిప్పరోడు అని వదిలేస్తం. రేపు గూడ టిప్పరోడే అనుకుంటం. చెవి ఒక్కసారి ఖరాబైతే మల్ల బాగుగాదు."

నేను తల ఊపి పైకి వెళ్లి, ఏం చేశానంటే, మూడు రోజుల ఆలస్యాన్ని నిమిషాల లెక్కన ఒక పట్టికగా వేశాను. పైన శీర్షిక పెట్టాను: కంట్రోల్ రూం వల్ల ఆలస్యం. నన్నెవరూ అడగలేదు. నా మోడల్ మీదికి మాట రాకుండా ముందే గొడుగు పట్టుకున్నాను, అంతే. దాన్ని మేనేజరుకు పంపాను.

గురువారం సైరన్ అయ్యాక ఎవడో టిప్పర్ డ్రైవరు తన చెల్లెలి పెళ్లికి సెలవు సంగతి మాట్లాడుతున్నాడు. షాట్‌ఫైరర్ దాన్ని పట్టించుకోలేదు, ఆమె ఆపమనడానికి బొత్తాం మీద వేలు పెట్టి, ఎప్పటిలాగే ముందు తల వంచి వింటోంది. నేను వెనకాలే నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి బొత్తాం నొక్కి, "ఆపు. ఆపు. చెయ్యి తీయ్," అంది. అంత గట్టిగా ఆమె గొంతు అంతకుముందు వినలేదు. నాకు మాత్రం పెళ్లి ముచ్చట తప్ప ఏమీ వినపడలేదు.

"అడుగున ఇంకొక గొంతున్నది," అంది. "ఆపుమన్నది."

వెతికారు. ఇరవై నిమిషాలు గనంతా, అడవి వైపు గట్టంతా తిరిగారు. ఒక్క పురుగు కూడా లేదు. కాపలా మనుషులను వరసగా నిలబెట్టి, ఎవడురా ఆపమన్నది అని అడిగారు. అందరూ తాము కాదన్నారు. ఎవరి గొంతో చెప్పమని మేనేజరు ఆమెనడిగాడు. పోల్చలేకపోయానంది.

నాలుగు రోజులు, నాలుగుసార్లు ఆపడం, చేతిలో నా పట్టిక. శుక్రవారం పొద్దున ఆమెకు సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చి, స్టోర్‌కి మార్చారు. టైర్లు, ఫిల్టర్లు, గ్రీజు డబ్బాలు ఉండే షెడ్డు. ఆమె సీట్లో కొత్త ఆపరేటర్ని కూర్చోబెట్టి, ఆపు అన్న మాట స్పష్టంగా వినపడితేనే ఆపాలని చెప్పారు. ట్రయల్ గడువు పొడిగించారు. కొత్తతను మంచివాడే. చెప్పినట్టు చేశాడు.

శుక్రవారం సాయంత్రం నేను, ట్రయల్ కోసం దిగిన గెస్ట్‌హౌస్ గదిలో కూర్చుని గురువారం రికార్డు విన్నాను. డబ్బా అన్నీ దాచుకుంటుంది కదా. డ్రైవరు గొంతు గట్టిది, దాని కింద ఏముందో మామూలుగా తెలియదు. దాన్ని తగ్గించి, అడుగును పెంచే ఉపాయాలు నా దగ్గరున్నాయి. నాలుగోసారికి వినపడింది. భయపడ్డ గొంతు, తెగిపోతూ: "ఆపుండ్రి... మనిషి... మనిషున్నడు..."

మళ్లీ విన్నాను. ఇంకోసారి విన్నాను. తర్వాత లాప్‌టాప్ మూసేశాను.

ఇక్కడ నా గురించి మంచిగా రాసుకునే వీలు లేదు. అది బయటపెడితే మోడల్ పోతుంది. ఆ ఒక్క గనిలోనే కాదు, దాన్ని చూసి సంతకం పెట్టబోయే ఇంకో నాలుగు చోట్ల కూడా. ఆ పట్టిక ఎవరు వేశారన్న ప్రశ్న వస్తుంది. నాకు అప్పుడే ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం రావాల్సి ఉంది. సిగ్గేసింది. సిగ్గుకంటే భయం ఎక్కువేసింది. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం కూడా వచ్చింది, వెళ్లింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగేది. టిప్పర్ల ముచ్చట్లు సాగుతుండగానే పేల్చేసేవాళ్లు. షాట్‌ఫైరర్‌కి ఆ గొంతులు అలవాటయిపోయాయి. నేను గదిలో మంచం అంచున కూర్చుని, శబ్దం అయ్యాక, ఎవరైనా అరుస్తారేమోనని చూసి, ఎవరూ అరవకపోతే భోజనానికి వెళ్లేవాణ్ణి.

మంగళవారం ఒకటి గడిచి ఇంకో మంగళవారం వచ్చింది. ఆ పొద్దున ఇక ఉండలేక లాప్‌టాప్ పట్టుకుని లేచాను. మేనేజరు దగ్గరికి పోలేదు. స్టోర్‌కి పోయాను. ఆమెకైతే చెప్పడం తేలిక అనుకున్నాను కాబోలు.

టైర్ల మధ్య స్టూలు మీద కూర్చుని ఫిల్టర్ల లెక్క రాస్తోంది. "రా," అంది. తమ్మీ అనలేదు. నేను లాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టి, ఆ ముక్క వినిపించాను. రాయడం ఆపలేదు.

"నాకెందుకు ఇనిపిస్తున్నవ్?" అంది. "నేను గా రోజే ఇన్న. ఇననోళ్లకి ఇనిపియ్యి."

"వెళ్తానక్కా. ముందు నీకు..."

"ఎన్నడు దొరికింది?"

"నిన్న," అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. బొత్తాం నొక్కేముందు వంచినట్టే తల వంచింది. నేను ఊపిరి పీల్చడం కూడా ఆమెకు వినపడుతోందనిపించింది.

"ఎన్ని నిన్నలు?"

అబద్ధం ఇంకోసారి నోట్లోంచి రాలేదు. "పదకొండు," అన్నాను.

పెన్ను మూత పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఎవరి గొంతక్కా అది అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"వాన్ని నేను గా రోజే గుర్తువట్టిన. కాపలా నిలవడ్డ కాంట్రాక్టు పిలగాడు. తర్వాత నాకొక్కదానికే చెప్పిండు. వాని బామ్మర్ది సద్ది వట్టుకొని అడ్డతొవ్వల లోపటికొచ్చిండు. సూసి అరిశిండు. తర్వాత బామ్మర్దిని ఎల్లగొట్టి, నౌకరి పోతదని 'నేను కాదు' అన్నడు. మనిషిని బతికిచ్చినోడే, భయంతోటి అబద్ధమాడిండు. వాని పేరు నేను చెప్ప." రిజిస్టర్ మూసింది. "మరి నువ్వెవల్ని బతికిచ్చినవ్?"

లాప్‌టాప్ మూశాను.

"రోజు రెండింటికి ఏం జేసెటోనివి?"

"గదిలో కూర్చునేవాణ్ణక్కా."

"నేను గీడ కూసున్న. సైరన్ ఇనుకుంట." లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "పా. రెండు గాకముందే పోవాలె."

మేనేజరు హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విన్నాడు. మొహం పాలిపోయింది. టిప్పర్లు ఆ చానెల్ నుంచి దిగిపోవాలని అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది నీకు ఎప్పుడు దొరికింది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచే లోపు ఆమె అంది, "నిన్ననే దొరికిందట సార్. దొరకంగనే ఉరికొచ్చిండు."

మేనేజరు నమ్మాడు. ఆ రికార్డు విన్నాక ఆమె మాట ఆ గనిలో ఎవరైనా నమ్ముతారు. మెట్లు దిగుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా, నువ్వు నాకోసం..." అని మొదలుపెట్టాను.

"నీకోసం కాదు," అంది, ఆగకుండానే. "పదకొండు రోజులు దాసిపెట్టినవని తెలిస్తే, గా రికార్డును గూడ నువ్వే తయారు జేసినవంటరు. మల్ల ఎంక్వయిరీ అంటరు, మల్ల నెల. నాకు తొవ్వ ఖాళీ గావాలె, గంతే."

ఆ మధ్యాహ్నమే ఆమెను తన సీట్లో కూర్చోబెట్టారు. రెండవుతోంది. ఎప్పటిలా ఆమె వెనకాల నిలబడదామని నేను కంట్రోల్ రూం గుమ్మం దాకా వెళ్లాను. కాపలా మనుషులు ఒక్కొక్కరే పిలుస్తున్నారు. ఆమె చెయ్యెత్తి నన్ను గుమ్మం దగ్గరే ఆపింది.

"పదకొండు రోజులు నేను బయట కూసున్న తమ్మీ. ఒక్కరోజు నువ్వు కూసో."

తలుపు వేసింది. బయట బెంచీ మీద కూర్చున్నాను.